కీర్తిశేషులు డాక్టరు రాజశేఖరరెడ్డిగారి చరిత్రము: నల్లమలమీది తుదిపయనము

మహనీయుల చరిత్రములను వ్రాయువారు జననముతో నారంభించి నిర్యాణముతో ముగించుట లోకాచారము. కాని కీర్తిశేషులైన డాక్టరు యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డిగారి పేరు వినబడగానే మన సీమలోని ప్రజలకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఆయన తుదిపయనమే. ఆ పయనము మన తలలమీదుగా సాగినది. హైదరాబాదు బేగంపేటనుండి చిత్తూరునకు దేశపటముపై సూటిగా నొక గీత గీచినచో, అది కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతములను గడచి, కృష్ణానదిని దాటి, నల్లమల గర్భమునకు బోవును. ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైనవాడు, రెండు యంత్రములు గల హెలికాప్టరులో, ఇరువురు చోదకులను ముందిడుకొని, బయలుదేరిన గంటలోపలనే మృత్యువాత బడుట యెట్లు సంభవించెను? దీనికి సమాధానము కొంత ఆయన జీవితమునందును, కొంత కొండలమీది గాలియందును గలదు. అందుచే రెంటిని గూర్చియు వ్రాయుచున్నాను. పాఠకమహాశయులు కేవల ప్రశంసను మాత్రమే యాశింపకుందురు గాక.

రాజశేఖరరెడ్డిగారు 1949వ సంవత్సరము జూలై 8వ తేదీని కడప జిల్లా జమ్మలమడుగులో జన్మించిరి. తండ్రి రాజారెడ్డిగారు, తల్లి జయమ్మగారు, నివాసము పులివెందుల. ఆ యేడు విరోధినామ సంవత్సరము. పంచాంగము నెఱిగినవారు ఈ పేరును గుర్తుంచుకొనవలెను. మఱల దీని ప్రసక్తి వచ్చును. బళ్లారిలో పాఠశాలా విద్యయు, విజయవాడ లయోలా కళాశాలలో పైచదువును జరిగినవి. పిమ్మట గుల్బర్గా వైద్యకళాశాలలో చదివి పట్టము పుచ్చుకొనిరి. తిరుపతిలో హౌస్‌సర్జనుగా పనిచేసి, జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో కొంతకాలము వైద్యాధికారిగా నుండి, 1973లో తండ్రిగారి పేరిట పులివెందులలో డెబ్బది పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పిరి. ఒక్క రూపాయి పుచ్చుకొని వైద్యము చేయు డాక్టరని ఆ ప్రాంతమున వారికి పేరు వచ్చెను. వైద్యవృత్తిలో నున్న కాలము స్వల్పమే. అయినను రోగి గడపయొద్దకు పోయి నాడి చూచు నలవాటు ఆయనను కడదాక విడువలేదని నా యభిప్రాయము.

రాజకీయములలోని మెట్లను త్వరగా చెప్పి ముందునకు పోయెదను. 1978లో పులివెందులనుండి శాసనసభ్యులైరి. 1980 మొదలు కొంతకాలము గ్రామీణాభివృద్ధి, ఆబ్కారీ, విద్య మొదలగు శాఖలలో మంత్రిగా నుండిరి. 1989 మొదలు 1998 వఱకు నాలుగు పర్యాయములు కడపనుండి లోకసభకు ఎన్నికైరి. తాము నిలిచిన యెన్నికలలో ఓడిన దొక్కటియు లేదు. స్వపక్షములోనే ఆయనకు ప్రత్యర్థులు పెక్కురు. రెండు దశాబ్దములు దాటినను ముఖ్యమంత్రి పదవి అందినట్లే యంది తప్పిపోవుచుండెను. 1998 మే నెలలో తండ్రి రాజారెడ్డిగారు ప్రత్యర్థుల చేత హతులైరి. 1999లో కాంగ్రెసు ఓడిపోగా శాసనసభలో ప్రతిపక్షనాయకులైరి.

ఆయన జీవితమున నన్ను మిక్కిలి యాకర్షించునది పాదయాత్ర. అప్పటికి వరుసగా వానలు కుఱియక కఱవులు వచ్చియుండెను. బోరుబావులెండిపోయినవి. విద్యుచ్ఛక్తి బకాయిలు కట్టలేక రైతులు తల్లడిల్లుచుండిరి. ప్రాణములు తీసికొనినవారును గలరు. అట్టి వేసవిలో, 2003 ఏప్రిలు 9వ తేదీని రంగారెడ్డి జిల్లా చేవెళ్లనుండి ఆయన కాలినడకను బయలుదేరిరి. రెండు నెలలకు పైగా నడచి, 1,400 కిలోమీటరులకు పైబడిన దారి గడచి, జూను నెలలో శ్రీకాకుళము జిల్లా చివర నున్న ఇచ్ఛాపురము చేరిరి. వయస్సు ఏబది మూడు. నడుమ రాజమహేంద్రవరమునొద్ద వడదెబ్బ తగిలి పడిపోయిరి. కొన్నిదినములు విశ్రమించి, స్వస్థత చిక్కిన పిదప మఱల నడచిరి. ఈ చిన్న సంగతిని నేను ప్రత్యేకముగా చెప్పుటకు హేతువు గలదు. నేలమీద నడచువానికి దేహము చాలనప్పుడు కూర్చుండుటకు చెట్టునీడ యుండును; వైద్యుడు వచ్చును; దినము మాఱిన పిదప పయనము సాగించుకొనవచ్చును. ఆకాశమున బోవువాని కీ సౌకర్యము లేదు. అతనికి గల రక్షణ యొక్కటే, వచ్చిన దారిని సకాలమున వెనుకకు మరలుట.

2004 మే 14వ తేదీని ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. చేసిన వెంటనే రైతులకు ఉచితవిద్యుత్తు దస్త్రముపై సంతకము చేసిరి. పావలావడ్డీ ఋణములు, బీదవిద్యార్థుల రుసుముల చెల్లింపు, 108 అను సంఖ్యకు టెలిఫోను చేసినంతనే వచ్చు రోగివాహనములు ఆయన యేలుబడిలో వ్యాపించినవే. బీదవాండ్రకు పెద్దరోగములలో శస్త్రచికిత్స చేయించు ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిలులో మొదట మూడు జిల్లాలలో ప్రారంభమయ్యెను. అనంతపురము, శ్రీకాకుళములతో పాటు మూడవది మన మహబూబునగరము. వలసకూలీలకు పుట్టినిల్లని పేరొందిన జిల్లాను ఒక వైద్యుడు తొలివరుసలో నెన్నుకొనుటను మనము మఱవరాదు.

నీటి సంగతి మఱియు ముఖ్యము. మన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలులు మూడును 2016లో వేఱువేఱు జిల్లాలైనవి గాని, అంతకు ముందు ఒకే జిల్లా గుడిసెలో తలదాచుకొన్నవే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మొదలు కొల్లాపురము వఱకు నది మన పొలముల ప్రక్కనే పాఱును. కాని పల్లమున పాఱును. మెట్టమీది చేను ఎండుచుండగా నదిని చూచుటయే మన తాతల వంతు. ఆ నీటిని యంత్రములతో ఎత్తి పోయుటకు పథకములు పూర్వమే యోచింపబడినవి. జలయజ్ఞమను పేర వానికి విరివిగా ధనము కేటాయించి పనులు సాగించినది రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము. శ్రీశైలము జలాశయపు వెనుకనీటిని కొల్లాపురము చేరువ ఎల్లూరునొద్ద ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టుల మీదుగా మూడంచెలలో ఎక్కించునది కల్వకుర్తి పథకము. జూరాల నీటిని గూడెందొడ్డి, ర్యాలంపాడు జలాశయములకు ఎక్కించునది గద్వాలసీమలోని నెట్టెంపాడు. మక్తలు, కొత్తకోట, వనపర్తి ప్రాంతములకు భీమా. జలయజ్ఞమున గుత్తేదారులకు లాభము హెచ్చైనదనియు, అనుమతులు రాకమునుపే పనులు మొదలుపెట్టబడినవనియు ఆక్షేపణలు వచ్చినవి. అవి కొట్టివేయదగినవి కావు. ఈ పథకములు చాలవఱకు ఆయన జీవించియుండగా పూర్తికాలేదు. పొలములకు నీరు పాఱించిన పని పిమ్మటి ప్రభుత్వములది. అయినను గునపము దిగినది ఆయన కాలముననే యనుట సత్యము.

2009 మే నెలలో రెండవమాఱు ముఖ్యమంత్రియైరి. ఆ యేడు ఋతుపవనములు దేశమంతటను మందగించినవి. పథకములు పల్లెలలో నెట్లు నడచుచున్నవో కన్నులార చూడవలెనని, ఊరి నడుమ కూర్చుండి జనుల మొఱ లాలకింపవలెనని, రచ్చబండ యను కార్యక్రమమును సంకల్పించిరి. మొదటి సభకు చిత్తూరు జిల్లాలోని అనుపల్లి గ్రామము నిర్ణయమయ్యెను. సెప్టెంబరు 2వ తేదీ. భాద్రపద శుద్ధ త్రయోదశి. సంవత్సరము విరోధి. పుట్టిన యేటి పేరు అరువది యేండ్లకు తిరిగి వచ్చుటనే కదా షష్టిపూర్తి యందుము. ఉగ్రరథశాంతి చేయవలసిన యీ సంధికాలమును మన పెద్దలు గండముగా నెంచిరి. ఇందు నేను కార్యకారణ సంబంధమును చెప్పుటలేదు. కారణము వాయుమండలమున నున్నది.

ఉదయము 8 గంటల 38 నిమిషములకు బెల్ 430 తరగతి హెలికాప్టరు బేగంపేటనుండి లేచెను. అందు ముఖ్యమంత్రితో పాటు వారి ప్రత్యేక కార్యదర్శి సుబ్రహ్మణ్యముగారు, ముఖ్య భద్రతాధికారి వెస్లీగారు, చోదకులు భాటియాగారు, ఎం. ఎస్. రెడ్డిగారు ఉండిరి. మొత్తము ఐదుగురు. మన జిల్లాను దాటువఱకు విశేష మేమియు లేదు. తొమ్మిదిన్నర గంటల ప్రాంతమున వార్తాసంబంధము తెగిపోయెను.

ఇచట నల్లమలను గూర్చియు గాలిని గూర్చియు కొంత చెప్పవలెను. పూర్వము పర్వతములకు రెక్కలుండెననియు, అవి యెగురుచు ఎక్కడబడిన నక్కడ వ్రాలి లోకమును బాధించుచుండగా ఇంద్రుడు వజ్రాయుధముతో వాని రెక్కలను ఖండించెననియు పురాణములు చెప్పుచున్నవి. మైనాకుడొక్కడు సముద్రమున దాగి తప్పించుకొనెనట. పర్వతములు నిలిచినవి గాని, వానిని తాకిన గాలి మాత్రము నేటికిని నిలువలేదు. నల్లమల ఇంచుమించు ఉత్తర దక్షిణములుగా సాగిన శ్రేణి. వర్షాకాలపు గాలి పడమటి దిక్కునుండి వచ్చి దానికి అడ్డముగా తగులును. తాకిన గాలి చరియవెంబడి పైకెక్కును. ఎక్కి చల్లబడి మేఘమగును. శిఖరమును దాటిన గాలి ఆవలివైపున జలపాతమువలె క్రిందికి దూకును. నదిలోని బండకు ముందు నీరు ఉబికి, వెనుక సుడి తిరుగుటను కృష్ణ యొడ్డున పుట్టినవారందఱు చూచియే యుందురు. గాలియు నట్టిదే, కంటికి కనబడదు, అంతే భేదము.

పెద్దవిమానములు ముప్పది, నలుబది వేల అడుగుల ఎత్తున ఈ సుడులకు చాలవఱకు పైగా పోవును. చిన్న విమానములును హెలికాప్టరులును కొన్నివేల అడుగుల ఎత్తుననే, అనగా మేఘములు, కొండలు, సుడిగాలులు మూడును కలిసియుండు పొరయందే సంచరింపవలెను. నల్లమల శిఖరములలో కొన్ని 900 మీటరులకు మించినవి. హిమాలయములముందు అవి గుట్టలే. కాబట్టి ఎత్తు చూచి ప్రమాదమును కొలుచుట పొరపాటు. ఉఱుములతో కూడిన నిలువుమేఘము కొండమీద నిలిచినచో, దాని గర్భములో ఒకచోట గాలి పైకి విసరును. ప్రక్కనే క్రిందికి పడద్రోయును. ఆ పతనవేగము చిన్న హెలికాప్టరు పైకెక్కగల వేగమునకు కొన్ని రెట్లుండవచ్చును. ఏనుగు తొండముపట్టున బడిన చెఱకుగడవలె ఆ యంత్రము నిస్సహాయమగును. మైదానమున నైనచో పడుచు పడుచు తేఱుకొనుటకు కొంత యెడముండును; కొండమీద ఆ యెడమును కొండయే మ్రింగివేయును.

మఱియొక చిక్కు గలదు. మేఘములో దిక్కు కనబడనప్పుడు మనుష్యుని చెవిలోని సమతూకపు ఇంద్రియము అబద్ధము చెప్పును. ఒఱగినవాడు నిలువుగా నున్నాననుకొనును, దిగుచున్నవాడు ఎక్కుచున్నాననుకొనును. అప్పుడు దేహమును నమ్మక, యెదుటి గడియారపు ముండ్లను మాత్రమే నమ్మవలెను. ఇది శిక్షణచే వచ్చును గాని, ఆ సమయమున మనస్సు వేఱొకదానిపైకి పోయెనా, శిక్షణయు నక్కరకు రాదు. వార్తాతరంగములును సూటిగా పోవునవే. హెలికాప్టరు క్రిందికి దిగి కొండచాటైనచో మాట వినబడదు. కావున మాట తెగినంతమాత్రమున ఆపద యని అవతలివారు నిశ్చయింపలేరు. ఆనాడును ఎక్కడనో సురక్షితముగా దిగియుందురని మొదట నందఱు నాశించిరి.

ప్రమాదమును విచారించుటకు ఆర్. కె. త్యాగిగారి యాధిపత్యమున కేంద్రప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. ద్రోహచింత ఎచటను కనబడలేదని వారు తేల్చిరి. దారిలో బలమైన వర్షమేఘములున్నట్లు వాతావరణ రాడారు తెఱమీద ఎఱ్ఱని గుర్తులు కనబడినవి. అదే సమయమున, యంత్రబలమును పైరెక్కకు చేర్చు పండ్లచక్రాల పెట్టెలో నూనె ఒత్తిడికి సంబంధించిన లోపమొకటి సూచకములందు కానవచ్చెను. చోదకులు కొన్ని నిమిషములపాటు దాని విధానమును పుస్తకమున వెదకుచు ఆ చింతలోనే యుండిరి. మేఘము దగ్గఱపడెను. తీవ్రమైన క్రిందిగాలిలో చిక్కి హెలికాప్టరు వశము తప్పి, మహావేగముతో కొండమీద కూలెను. ఇదియే సంఘమువారి నిర్ణయము.

ఇందు చోదకులను నిందించుట సులభము. నా కది సమ్మతము కాదు. వారును ప్రాణములర్పించినవారే. నూనెలోపము దానంతట నది కూల్చివేసినదని సంఘము చెప్పలేదు. మేఘమును తప్పించుకొనుటకు వలసిన ఆ కొన్ని నిమిషములను అది హరించినది. కొండలలో ఆపదలు తఱచు ఇట్లే జోడుగా వచ్చును. చిన్న లోపము చూపును లాగికొనును. పెద్ద ఆపద చూపులేని వైపునుండి వచ్చును.

ముఖ్యమంత్రిగారు వారిని తొందరపెట్టినట్లు ఎట్టి సాక్ష్యమును లేదు, అట్లనుట యన్యాయము. కాని పెద్దలు నోరు మెదపకున్నను వారి సన్నిధియే తొందర పెట్టును. ఊరిలో జనము కాచుకొనియుండును, అధికారులు వరుసలు దీరియుందురు, గడియారము నడచుచుండును. వెనుకకు మరలుదమని చెప్పుటకు చోదకునికి నియమము అధికారమిచ్చును గాని, ధైర్యము నియమములోనుండి రాదు. బడి తనిఖీకి వచ్చిన పెద్దదొరముందు తరగతిని విడిచిపెట్టుటకే ఉపాధ్యాయులు జంకుదురు. జీవితమంతయు వెనుదిరుగుట యెఱుగని నాయకుని వెనుకకు మరల్చుట యెంత కష్టమో యూహింపవచ్చును.

ఆనాటి వెదకులాట మన దేశమున అంతకుముందెన్నడు కనివిని యెఱుగనిది. వాన కుఱియుచుండెను. వేలకొలది రక్షకభటులు, కేంద్రదళములు, సైనికులు అడవిలో దిగిరి. అడవిదారు లెఱిగిన చెంచుల సాయమును గోరబడెను. సుఖోయి యుద్ధవిమానము రాత్రివేళ ఉష్ణచిత్రములు తీయుటకు పంపబడెను. ఆపదలో తనంతట తాను ఉనికిని చాటవలసిన సంకేతయంత్రము వలన ప్రయోజనము కలుగలేదు. నల్లమల చెట్లు గొడుగులవలె కమ్ముకొన్నవి. పైనుండి చూచువానికి పచ్చని సముద్రమే గాని నేల కానరాదు. రాత్రి గడచెను. మఱునాడు అనంతచతుర్దశి. హైదరాబాదులో గణపతి నిమజ్జనోత్సవపు దినము. ఆ యుదయముననే వాయుసేన హెలికాప్టరు ఆత్మకూరు అడవులలో, రుద్రకొండ చెంత పావురాలగుట్టపై శిథిలములను కనుగొనెను. ఐదుగురిలో నొక్కరును మిగులలేదు.

ఇట్టి మరణములు ఆయనతో మొదలుకాలేదు. 1994 జూలైలో పంజాబు గవర్నరు సురేంద్రనాథుగారు కుటుంబసమేతముగా హిమాచలప్రదేశపు కొండలలో చిన్న విమానము కూలి మరణించిరి. 2002 మార్చి 3వ తేదీని మన లోకసభాపతి బాలయోగిగారు కైకలూరు ప్రాంతమున హెలికాప్టరు కూలి పోయిరి. అచట కొండలు లేవు, ఆ యుదయము చూపు మాత్రము సరిగా నానలేదు. రాజశేఖరరెడ్డిగారి పిదప 2011లో అరుణాచలప్రదేశ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూగారు, 2021 డిసెంబరులో నీలగిరులలోని కూనూరునొద్ద త్రివిధ దళాధిపతి బిపిన్ రావతుగారు, 2024 మే నెలలో ఇరాను దేశాధ్యక్షుడు రయీసీగారు ఇట్లే పర్వతములలో కూలిరి. నీలగిరులలో హెలికాప్టరు హఠాత్తుగా మేఘములో జొరబడగా చోదకునికి దిక్కుదోచలేదని విచారణలో తేలెను. ఇరానులోను కొండలు పొగమంచుతో నిండియుండెను. దేశములు వేఱు, యంత్రములు వేఱు. కొండయు మేఘమును ఒక్కటే.

శిథిలములు దొరికిన దినముననే ఆర్థికమంత్రి రోశయ్యగారు ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిరి. మఱునాడు రాజశేఖరరెడ్డిగారి దేహమును కడప జిల్లా ఇడుపులపాయలో, వారి తోటలోనే సమాధి చేసిరి. సరిగా నెల తిరుగువఱకు, వానలు లేవని విలపించిన సీమలో కృష్ణా తుంగభద్రలు పొంగి, అక్టోబరు 2వ తేదీనాటికి అలంపురమును, కర్నూలును ముంచివేసినవి. ఆ వఱదలో పడవలతో, హెలికాప్టరులతో జనులను కాపాడుచుండగా, ఆయన యుండినచో నెక్కడ నుండెడివారని తలపని యిల్లు నడిగడ్డలో లేదనిపించును.

పావురాలగుట్టకు చేరువ నల్లకాలువ గ్రామమునొద్ద ప్రభుత్వము ఆయన పేర స్మృతివనమును నెలకొల్పినది. మన వైపువారు శ్రీశైలమునకో, మహానందికో పోవుచు అచట ఆగి చూచుట గలదు. ఎండకాలమున ఆ వనమునుండి చూచినచో నల్లమల ఏమంత ఎత్తైన కొండగా తోచదు. భాద్రపదమున వెళ్లిన దినమున దాని పైభాగము కనబడకపోవచ్చును.